పాత కారుకు కొత్త కార్బ్యురేటర్: హార్స్‌పవర్ ఎంత పెరుగుతుంది?

పాత తరం కార్ల ఇంజిన్ల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలలో ఈసారి ఎక్కువ భాగం, గాలిలో పెట్రోలు కలిపి ఇంజిన్‌కు అందించే కార్బ్యురేటర్ మార్పిడికి సంబంధించినవే. అందుకే ఈ సంచికలో శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: నా దగ్గర 1798 సీసీ ఇంజిన్ ఉన్న ఎంజీబీ స్పోర్ట్స్ కారు ఉంది. కంపెనీ బిగించిన రెండు ఎస్‌యూ కార్బ్యురేటర్లే ఇప్పటికీ వాడుతున్నాను. వాటిని తీసేసి రెండు వెబర్ 45 కార్బ్యురేటర్లు పెట్టిస్తే 20 హార్స్‌పవర్ పెరుగుతుందని మిత్రులు చెబుతున్నారు. ఇది నిజమేనా? పెట్టించమంటారా?

జవాబు: వెబర్ల కోసం డబ్బు ఖర్చు పెట్టే ముందు, గాలి పీడనం ఎంత తగ్గిందో చూపే వాక్యూమ్ గేజి ఒకటి కొనండి. మీ ఇంజిన్ విషయంలో ఈ ప్రశ్నకు ఎవరి అభిప్రాయం కన్నా ఆ గేజి ఇచ్చే జవాబే నమ్మదగినది.

కార్బ్యురేటర్ శక్తిని పుట్టించదు. సిలిండర్లలోకి ఎంత గాలి చేరితే, దానికి తగిన పాళ్లలో పెట్రోలు కలిస్తే, అంత శక్తి వస్తుంది. మీ ఇంజిన్ నిమిషానికి 5400 చుట్లు తిరుగుతున్నప్పుడు, అంటే తొలినాళ్ల ఎంజీబీకి కంపెనీ ప్రకటించిన 95 హార్స్‌పవర్ వచ్చే వేగంలో, నిమిషానికి సుమారు 4 ఘనపు మీటర్ల గాలిని పీల్చుకుంటుంది. ఆ గాలి బరువు 5 కిలోలకు దగ్గరగా ఉంటుంది. దానితో కలవవలసిన పెట్రోలు మాత్రం 400 గ్రాములకు లోపే. అంత పెట్రోలు అందించడం ఏ కార్బ్యురేటర్‌కైనా సులభమే. కష్టమంతా 5 కిలోల గాలిని ఆటంకం లేకుండా లోపలికి పోనివ్వడంలో ఉంది. కనుక మీరు తేల్చుకోవలసింది, ఇప్పుడున్న ఎస్‌యూలు ఆ గాలికి ఎంత అడ్డుపడుతున్నాయన్నది మాత్రమే.

దీనిని కొలవడం కష్టమేమీ కాదు. గేజి గొట్టాన్ని ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు (కార్బ్యురేటర్ నుంచి సిలిండర్లకు గాలిని చేర్చే గొట్టాలకు) కలిపి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఇంజిన్ గరిష్ఠ శక్తినిచ్చే వేగానికి చేరిన క్షణంలో ముల్లు ఎక్కడ ఉందో పక్కన కూర్చున్న మనిషి చేత రాయించండి. చక్రాలను రోలర్ల మీద తిప్పి పరీక్షించే రోలింగ్ రోడ్డు దొరికితే దాని మీద, లేకపోతే ఇతర వాహనాలు రాని ట్రాక్ మీద ఈ పరీక్ష చేయాలి తప్ప మామూలు రోడ్డు మీద చేయకూడదు. బయటి వాతావరణ పీడనం సముద్రమట్టం దగ్గర సుమారు 30 అంగుళాల పాదరసం. పూర్తి థ్రాటిల్‌లో, అంటే గాలి దారిని అదుపుచేసే పలక పూర్తిగా తెరుచుకున్నప్పుడు, గేజి 1 అంగుళం చూపిస్తే, రావలసిన గాలిలో ముప్పయ్యో వంతు మాత్రమే తగ్గుతోందన్నమాట. ఆ అడ్డును మొత్తంగా తొలగించగలిగినా మీకు దక్కేది 3 హార్స్‌పవర్. గేజి 2 అంగుళాలు చూపిస్తే దాదాపు 7 వరకు ఆశించవచ్చు. మీ మిత్రులు చెప్పిన 20 హార్స్‌పవర్ కార్బ్యురేటర్ మార్పుతోనే రావాలంటే గేజి 5 అంగుళాలకు పైగా చూపించాలి, పైగా కొత్త కార్బ్యురేటర్ అసలు అడ్డే పెట్టకూడదు. మంచి స్థితిలో ఉన్న జంట ఎస్‌యూలు ఈ ఇంజిన్‌కు అంత అడ్డు పెట్టవు. వెబర్‌తో పాటు మానిఫోల్డ్ కూడా మారుతుంది కనుక, గాలి నడిచే గొట్టాల పొడవూ ఆకారమూ మారి ఒక వేగంలో కొంత లాభం, మరొక వేగంలో కొంత నష్టం కలగవచ్చు. దానిని ముందుగా లెక్క కట్టలేము గాని, ఆ తేడా కూడా 20 హార్స్‌పవర్‌కు చేరదు.

రెండు వెబర్లు అన్న మాట మీ కారుకు అసలే పొసగదు. డీసీఓఈ రకం వెబర్‌లో రెండు గొంతులు, అంటే గాలి పోయే దారులు, ఉంటాయి. రెండు కార్బ్యురేటర్లు పెడితే సిలిండర్‌కు ఒక గొంతు చొప్పున నాలుగు వస్తాయి. కానీ ఎంజీబీ సిలిండర్ హెడ్‌కు గాలి లోపలికి వెళ్లే ద్వారాలు రెండే. ఒకటీ రెండూ సిలిండర్లకు కలిపి ఒకటి, మూడూ నాలుగూ సిలిండర్లకు కలిపి ఇంకొకటి. అందువల్లనే ఈ ఇంజిన్‌కు వెబర్ పెట్టేవారు సాధారణంగా ఒకే ఒక 45 డీసీఓఈ పెడతారు. ఆ 45 అన్న అంకె కూడా చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. అది మిల్లీమీటర్లలో థ్రాటిల్ దగ్గరి వ్యాసం. గాలి వేగాన్ని నిర్ణయించేది లోపల విడిగా బిగించే వెంచురీ అనే ఇరుకు భాగం; అది 34 లేదా 36 మిల్లీమీటర్లు ఉండవచ్చు. వెంచురీ అవసరానికి మించి పెద్దదైతే తక్కువ వేగాలలో గాలి నెమ్మదించి పెట్రోలును సరిగా లాగలేదు, లాగినా సన్నని తుంపరగా చేయలేదు. రోజువారీ నడకలో కారు ముందుకన్నా మందకొడిగా తయారవుతుంది.

ఎస్‌యూలో ఈ చిక్కు లేదు. ఇంజిన్ ఎంత గాలి అడిగితే అందులోని పిస్టన్ అంత ఎత్తుకు లేచి దారిని వెడల్పు చేస్తుంది, దానితో పాటు లేచే సూది, పెట్రోలు వచ్చే రంధ్రమైన జెట్‌లో ఖాళీని పెంచి పెట్రోలును కూడా అదే పాళ్లలో వదులుతుంది. పిస్టన్ పూర్తిగా పైకి చేరేవరకు ఆ కార్బ్యురేటర్ తన శక్తిమేరకు ఇంకా తెరుచుకోలేదనే అర్థం. ఇంత తెలివైన పరికరాన్ని పాతబడిందన్న ఒక్క కారణంతో తీసి పక్కన పెట్టడం నాకు ఏ మాత్రం ఇష్టం లేదు.

అయితే మీ ఎస్‌యూల వయసు యాభై ఏళ్లకు అటూ ఇటూ ఉంటుంది కనుక, వాటిని విప్పి చూడవలసిన అవసరం మాత్రం ఉంది. ఎయిర్ ఫిల్టర్ తీసి, పిస్టన్‌ను వేలితో పైకెత్తి వదలండి. అది సాఫీగా జారి, అడుగున తగిలినప్పుడు ‘టక్’మని స్పష్టంగా శబ్దం రావాలి. శబ్దం రాకుండా మధ్యలో పట్టేసినా, మెత్తగా ఆగినా జెట్ కేంద్రంలో లేదనో, సూది వంగిందనో, లోపల జిడ్డు పేరుకుందనో అనుకోవాలి. తరువాత థ్రాటిల్ స్పిండిల్‌ను రెండు వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ కదపండి. లూజు చేతికి తెలిసిందంటే అక్కడి నుంచి దొంగగాలి లోపలికి పోతోందని అర్థం. అప్పుడు మీరు స్క్రూలు ఎంత తిప్పినా స్లో స్పీడ్ (పెడల్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) నిలకడగా ఉండదు. పైనున్న డ్యాంపర్‌లో 20 గ్రేడు నూనె ఉందో లేదో చూడండి. నూనె లేకపోతే యాక్సిలరేటర్ తొక్కగానే పిస్టన్ ఒక్కసారిగా పైకి లేచి మిక్చర్ లీన్ అవుతుంది, అంటే గాలికి తగినంత పెట్రోలు ఉండదు, కారు తటపటాయిస్తుంది. ఈ లోపాన్ని చూసే చాలామంది తమ కార్బ్యురేటర్లు చిన్నవైపోయాయని పొరబడతారు.

స్పిండిళ్లు, బుష్‌లు, జెట్లు, సూదులు కొత్తవి వేయించి, రెండు కార్బ్యురేటర్లలోకీ గాలి సమానంగా వెళ్లేలా సరిచూసి, డిస్ట్రిబ్యూటర్‌లో స్పార్కు సమయాన్ని ముందుకు జరిపే అడ్వాన్సు పనిచేస్తోందని ఖాయం చేసుకున్నాక గేజి పరీక్ష మళ్లీ చేయండి. అప్పటికీ మీకు ఎక్కువ శక్తి కావాలనిపిస్తే ఈ ఇంజిన్‌లో డబ్బు పెట్టవలసిన చోటు సిలిండర్ హెడ్, ఆ తరువాత క్యామ్‌షాఫ్ట్, ఎగ్జాస్ట్. అవి మారి ఇంజిన్ ఎక్కువ గాలి అడగడం మొదలుపెట్టిన రోజున 1.75 అంగుళాల ఎస్‌యూ జంట గాని, వెబర్ గాని నిజంగా అక్కరకొస్తుంది.

వెబర్ పెట్టించుకున్నవారు కారు బాగా లాగుతోందని చెప్పడంలో అబద్ధమేమీ లేదు. గొంతు పెద్దదైనప్పుడు పెడల్ సగం తొక్కగానే మునుపు ముప్పావు తొక్కితే వచ్చినంత గాలి వస్తుంది, కాలికి ఇంజిన్ బలపడినట్టే అనిపిస్తుంది. పెడల్ చివరి దాకా తొక్కినప్పుడు ఎంత పెరిగిందో చెప్పగలిగేది శక్తిని కొలిచే డైనమోమీటర్ ఒక్కటే.

ప్రశ్న: మా కారులో 350 ఘనపు అంగుళాల షెవ్రొలే వీ8 ఇంజిన్, దాని మీద రెండు గొంతుల కార్బ్యురేటర్ ఉన్నాయి. నాలుగు గొంతులదానికి మారాలనుకుంటున్నాను. 600 సీఎఫ్ఎం సరిపోతుందా, 750 తీసుకోవాలా? గేరు ఆటోమేటిక్.

జవాబు: మీకు నిజమైన లాభం ఉండే మార్పు ఇది. సీఎఫ్ఎం అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి పోగలదన్న కొలత. ఇంజిన్ పరిమాణాన్ని ఘనపు అంగుళాలలో తీసుకుని, గరిష్ఠ వేగంతో హెచ్చించి, 3456తో భాగించండి. మీ ఇంజిన్ 6000 చుట్లు తిరుగుతుందనుకున్నా 608 వస్తుంది. అయితే ఏ మామూలు ఇంజిన్ కూడా తన సిలిండర్లను నూటికి నూరు పాళ్లు నింపుకోలేదు. 85 శాతం నింపుకుంటుందనుకుంటే అవసరం 517కు దిగుతుంది. మార్పులేమీ చేయని ఇంజిన్ 5000 దాటడమే అరుదు కాబట్టి మీకు 600 ధారాళంగా సరిపోతుంది.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. నాలుగు గొంతుల కార్బ్యురేటర్ల సామర్థ్యాన్ని 1.5 అంగుళాల పాదరసం తేడా వద్ద కొలుస్తారు, రెండు గొంతులవాటిని 3 అంగుళాల వద్ద కొలుస్తారు. కాబట్టి పెట్టె మీది అంకెలను నేరుగా పోల్చకూడదు. రెండు గొంతులదాని అంకెను 1.41తో భాగిస్తేనే రెండూ ఒకే కొలతలోకి వస్తాయి. 500 అని రాసివున్న రెండు గొంతుల కార్బ్యురేటర్ నాలుగు గొంతుల లెక్కలో 354 మాత్రమే. పై జవాబులో చెప్పిన గేజి పరీక్ష మీరు కూడా చేస్తే, పూర్తి థ్రాటిల్‌లో 3 అంగుళాలో అంతకన్నా ఎక్కువో కనిపించినా ఆశ్చర్యపోనక్కరలేదు. అలా కనిపిస్తే శక్తిలో పదో వంతు వరకు పెరిగే అవకాశం ఉంది.

ఆటోమేటిక్ గేరుకు, బరువైన కారుకు, వెనుక రెండు గొంతులు వాక్యూమ్‌తో తెరుచుకునే రకం మేలు. ఇంజిన్ గాలి అడిగినప్పుడే అవి తెరుచుకుంటాయి కనుక, పెడల్ ఒక్కసారిగా తొక్కినా ఇంజిన్ ఉక్కిరిబిక్కిరి కాదు. కార్బ్యురేటర్‌తో పాటు నాలుగు గొంతులకు తగిన మానిఫోల్డ్ కూడా మార్చాలి. పాత మానిఫోల్డ్ మీద అడాప్టర్ పలక వేసి సరిపెట్టుకుంటే కొత్త గొంతుల గాలి మళ్లీ పాత ఇరుకు దారుల్లోనే నడవవలసి వస్తుంది. బానెట్ మూతపడేంత ఎత్తు మిగులుతుందో లేదో, పెడల్ గట్టిగా తొక్కినప్పుడు కింది గేరుకు మార్చడానికి గేరుబాక్సుకు వెళ్లే కిక్‌డౌన్ లింకేజీ కొత్త కార్బ్యురేటర్‌కు కుదురుతుందో లేదో కొనే ముందే చూసుకోండి. కొన్ని గేరుబాక్సులలో ఆ లింకు లోపలి నూనె పీడనాన్ని నిర్ణయిస్తుంది. దాన్ని సరిగా అమర్చకుండా నడిపితే క్లచ్ పలకలు కొద్దికాలంలోనే కాలిపోతాయి.

ఈ లెక్క చూసి, సిలిండర్‌కు ఒక గొంతు చొప్పున ఉండే వెబర్లకు కూడా ఇదే వర్తిస్తుందని ఎవరూ అనుకోవద్దు. అక్కడ ఒక్కొక్క గొంతులో గాలి నిరంతరంగా కాక విడతలు విడతలుగా పోతుంది. ఆ కొద్ది క్షణాలలోనే సిలిండర్ నిండాలి కనుక సగటు లెక్కకన్నా చాలా పెద్ద గొంతు కావాలి.

ప్రశ్న: 1600 సీసీ కారులో ఒంటి గొంతు కార్బ్యురేటర్ తీసి వెబర్ 32/36 వేయించాను. వేగంలో బాగానే లాగుతోంది. కానీ ఆగి ఉన్న కారును కదిలించేటప్పుడు పెడల్ తొక్కగానే ఒక్క క్షణం ఊపిరి ఆగినట్టయి, తరువాత అందుకుంటోంది. మెకానిక్ పెద్ద మెయిన్ జెట్ వేసినా తగ్గలేదు.

జవాబు: మెయిన్ జెట్‌ను ముందున్న కొలతకే మార్పించండి. మీరు చెప్పిన క్షణంలో మెయిన్ జెట్ ఇంకా పనిలోకి దిగదు. థ్రాటిల్ హఠాత్తుగా తెరుచుకున్నప్పుడు గాలి వెంటనే దూసుకుపోతుంది, పెట్రోలు బరువైనది కనుక వెనుకబడుతుంది, కొంత మానిఫోల్డ్ గోడలకు అంటుకుపోతుంది. ఆ లోటును పూడ్చడానికే యాక్సిలరేటర్ పంపు ఉంది. ఇంజిన్ ఆపి, ఫిల్టర్ తీసి, గొంతులోకి చూస్తూ థ్రాటిల్‌ను చేత్తో తెరవండి. లివర్ కదిలీ కదలగానే సన్నని ధార మొదలై, తెగకుండా వెంచురీ మధ్యకు పడాలి. ధార ఆలస్యంగా వచ్చినా, గోడకు తగులుతున్నా, రెండు చుక్కలు రాలి ఆగిపోయినా డయాఫ్రమ్, పంపు జెట్, లింకేజీ ఈ మూడింటిలో దేనిలోనో తప్పుంది.

ధార బాగానే ఉంటే లోపం స్లో స్పీడ్‌కు పెట్రోలు ఇచ్చే ఐడిల్ జెట్‌లో ఉండవచ్చు. స్లో స్పీడ్ కోసం థ్రాటిల్ స్క్రూను బాగా లోపలికి తిప్పి ఉంటే, థ్రాటిల్ పలక ముందే కొంత తెరుచుకుని, మెయిన్ జెట్ అందుకునేలోగా పెట్రోలు ఇవ్వవలసిన ప్రొగ్రెషన్ రంధ్రాలను బయటపెట్టేస్తుంది. మీరు పెడల్ తొక్కే సమయానికి వాటి పని అప్పటికే అయిపోయి ఉంటుంది. థ్రాటిల్ స్క్రూ లివర్‌ను తాకిన తరువాత ఒకటిన్నర చుట్టుకు మించి తిప్పవలసి వస్తోందా, మిక్చర్ స్క్రూను రెండు చుట్లకు మించి బయటికి తీస్తే తప్ప ఇంజిన్ కుదుటపడటం లేదా అని చూడండి. అలా ఉంటే ఐడిల్ జెట్ ఒక కొలత పెంచాలి. మిక్చర్ స్క్రూ అర చుట్టు లోపే సరిపోతుంటే జెట్ పెద్దదైందని అర్థం.

ఈ మార్పిడిలో అడాప్టర్ పలకల మరలు కొన్నాళ్లకు వదులవడం మామూలే. కార్బ్యురేటర్ విప్పితేగాని అవి కనిపించవు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. అక్కడి గాస్కెట్ నుంచి గాలి లోపలికి పోతున్నా సరిగ్గా మీరు చెప్పిన లక్షణమే కనిపిస్తుంది. జెట్ల జోలికి పోకముందే వాటిని బిగించి, తిరిగి వదులవకుండా లాక్‌టైట్ వంటి జిగురు పెట్టించండి. డిస్ట్రిబ్యూటర్ అడ్వాన్సు గొట్టం ఎక్కడ తగిలించారో కూడా చూడాలి. మీ డిస్ట్రిబ్యూటర్ థ్రాటిల్ పలకకు పైనున్న రంధ్రం నుంచి వాక్యూమ్ తీసుకునే రకమైతే, గొట్టాన్ని నేరుగా మానిఫోల్డ్‌కు కలిపినప్పుడు టైమింగ్ మొత్తం తారుమారవుతుంది.

ప్రశ్న: జెట్లు సరిపోయాయో లేదో ప్లగ్గు రంగు చూసి చెప్పవచ్చునా? ఇప్పుడు వచ్చే ఇథనాల్ కలిపిన పెట్రోలుకు జెట్లు మార్చాలా?

జవాబు: ప్లగ్గు రంగు ఉపయోగపడుతుంది గాని, దానినే నమ్ముకోవద్దు. నేటి పెట్రోళ్లు పాత పెట్రోలులాగా స్పష్టమైన గోధుమరంగు మరక వదలవు. స్లో స్పీడ్‌లో కాసేపు నడిచాక తీసిన ప్లగ్గు, పూర్తి థ్రాటిల్‌లో మిక్చర్ ఎలా ఉందో చెప్పనే చెప్పదు. ఎగ్జాస్ట్ గొట్టానికి ఒక బుష్ వెల్డింగ్ చేయించి, గాలీ పెట్రోలూ ఏ పాళ్లలో ఉన్నాయో చూపే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ బిగించుకోవడం ఈ రోజుల్లో అన్నిటికన్నా మంచి పెట్టుబడి. ఒక భాగం పెట్రోలు పూర్తిగా మండటానికి 14.7 భాగాల గాలి కావాలి. గరిష్ఠ శక్తి మాత్రం 12.5కూ 13కూ మధ్య, అంటే పెట్రోలు పాలు ఎక్కువై కొంచెం రిచ్‌గా ఉన్నప్పుడు వస్తుంది. సమ వేగంలో తేలికగా వెళుతున్నప్పుడు 14 నుంచి 15 ఉన్నా ఇబ్బంది లేదు. పూర్తి థ్రాటిల్‌లో 14 దాటితే వెంటనే కాలు తీసేయండి. లీన్ మిక్చర్‌తో ఎక్కువసేపు బలంగా నడిపిన ఇంజిన్లలో పిస్టన్లు కరిగిపోతాయి. మరీ రిచ్ అయితే అంత త్వరగా చెడదు గాని, పెట్రోలు సిలిండర్ గోడల మీది నూనెను కడిగేసి రింగులను అరగదీస్తుంది.

వెబర్ జెట్ మీద 135 అని ఉంటే దాని రంధ్రం 1.35 మిల్లీమీటర్లు. దానిని 140 చేస్తే అంకెలో తేడా కొద్దిగానే కనిపించినా రంధ్రం వైశాల్యం ఏడున్నర శాతం పెరుగుతుంది. కాబట్టి ఒకేసారి రెండు మూడు కొలతలు దాటి వెళ్లకండి. ముందు మెయిన్ జెట్‌తో మధ్య వేగాలను సరిచేసి, ఆ తరువాతే ఎయిర్ కరెక్టర్ (మెయిన్ జెట్ పెట్రోలులో గాలి కలిపే జెట్) ముట్టుకోండి. ఎయిర్ కరెక్టర్ పెంచితే పై వేగాలలో మిక్చర్ లీన్ అవుతుంది, తగ్గిస్తే రిచ్ అవుతుంది. రెండింటినీ ఒకేసారి మార్చితే ఏ మార్పు వల్ల ఏం జరిగిందో తెలియదు.

ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కనుక, అది 10 శాతం కలిసిన పెట్రోలుకు కావలసిన గాలి 14.1 భాగాలకు తగ్గుతుంది. అంటే పాత జెట్లతో ఇంజిన్ దాదాపు 4 శాతం లీన్‌గా నడుస్తుంది. ఇప్పటికే కొంచెం రిచ్‌గా ఉన్న ఇంజిన్‌కు ఇది తెలియకపోవచ్చు, అంచున ఉన్నదానికి మాత్రం ఒక కొలత పెంచవలసి వస్తుంది.

ప్రశ్న: కొత్త కార్బ్యురేటర్‌కు ఎలక్ట్రిక్ పంపు పెట్టించాను. కార్బ్యురేటర్‌లో పెట్రోలు నిలవ ఉండే ఫ్లోట్ చాంబర్ నుంచి పెట్రోలు పొంగి కారుతోంది. ఫ్లోట్ సర్దితే సరిపోతుందా?

జవాబు: ముందు కారు నడపడం ఆపండి. వేడి ఎగ్జాస్ట్ మీద పెట్రోలు పడితే కారు మొత్తం తగలబడుతుంది. పంపు ఎంత పీడనం ఇస్తోందో గేజితో కొలవండి. వెబర్‌కు 3 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) చాలు, ఎస్‌యూకు కూడా దాదాపు అంతే. హోలీ కార్బ్యురేటర్లు 5 నుంచి 7 వరకు తట్టుకుంటాయి. ఇంజెక్షన్ కార్ల పంపు 40 పీఎస్ఐ దాటి తోస్తుంది, దాని ముందు ఏ నీడిల్ వాల్వూ నిలవదు. అలాంటి పంపు పెట్టి ఉంటే దానిని మార్చడం తప్ప వేరే దారి లేదు. కొద్దిపాటి తేడాకైతే రెగ్యులేటర్ సరిపోతుంది. పీడనం సరిగా ఉన్నా పొంగుతుంటే అప్పుడు నీడిల్ వాల్వులో చెత్త ఉందేమో, ఫ్లోట్‌కు రంధ్రం పడిందేమో చూసి, ఎత్తు సరిచేయించండి. పాత రబ్బరు గొట్టాలు ఇథనాల్‌కు పగుళ్లు తీస్తాయి కనుక ఇథనాల్‌ను తట్టుకునేవి వేయించండి. కారు దేనికైనా గుద్దుకుంటే పంపు తనంతట ఆగిపోయే ఇనర్షియా స్విచ్చిని కూడా తప్పనిసరిగా పెట్టించండి.

ప్రశ్న: ఎయిర్ ఫిల్టర్ తీసేసి నడిపితే హార్స్‌పవర్ పెరుగుతుందా?

జవాబు: మొదటి జవాబులో చెప్పిన పరీక్షను ఫిల్టర్ ఉంచి ఒకసారి, తీసి ఒకసారి చేయండి. రెండు కొలతల మధ్య తేడా పావు అంగుళానికి లోపు ఉంటే ఫిల్టర్ వల్ల మీకు నష్టమేమీ లేదు. ఎక్కువ ఉంటే పెద్ద ఫిల్టర్ వేయించండి. అది లేకుండా మాత్రం నడపవద్దు, ఎందుకంటే లోపలికి పోయే దుమ్ము సిలిండర్లను గీసేస్తుంది. కొన్ని కార్బ్యురేటర్లలో ఫిల్టర్ డబ్బాలోనే గాలి నునుపుగా మలుపు తిరిగే గుండ్రని అంచు ఉంటుంది. దానిని తీసేస్తే గాలి పదునైన అంచు మీదుగా పోయి, శక్తి పెరగకపోగా తగ్గుతుంది.